నాన్న చెప్పని ఆమెన్

వంతెన కొట్టుకుపోయిన వరద వచ్చింది చూడండి, దాని తర్వాత రెండో ఏడు. ఆ వరద నీటి గీత రొట్టెల కొట్టు గోడ మీద ఇంకా ఉంది. మనిషి ఛాతీ ఎత్తు. ఎన్నిసార్లు సున్నం వేసినా లోపల్నించి ఉబికి వస్తుంది.

ఆ శనివారం తెల్లారుజామున పెద్దోడు ఆ గీత ముందు నిలబడి పిండి పిసుకుతున్నాడు. రోజూ చేసే పనే. పొయ్యి రాజుకుంది. పెద్ద కోడలు, అంటే అతని భార్య, రేకు అచ్చులకి నూనె రాస్తోంది. వీధిలో పాలబండి గంట మోగింది. ఆ రోజుకి విశేషం ఒక్కటే. తండ్రి పోయి ఏడాది. సాయంత్రం ఇంట్లో జ్ఞాపకార్థ కూటం.

పెద్దోడంటే పసివాడేం కాదు. జుట్టు సగం నెరిసింది. తండ్రి పిలిచిన పిలుపే వీధి పట్టుకుంది. ఆయనకి ఇద్దరే కొడుకులు. పెద్దోడు, చిన్నోడు. పెద్దోడు పొయ్యి దగ్గర, చిన్నోడు గల్లా దగ్గర. కొట్టు వెనకే ఇల్లు.

గుమ్మంలో గాజుల చప్పుడైంది. చిన్న కోడలు గిన్నె పట్టుకుని నిలబడి ఉంది.

"బావగారూ."

"ఏమ్మా." తల ఎత్తలేదు.

"రేపు మేం ఎదురుగా కొత్త కొట్టు తెరుస్తున్నాం కదండీ. మావయ్యగారి పాతపిండి ఓ ముద్ద ఇస్తారేమోనని..." గిన్నె ముందుకి చాపింది.

పెద్దోడి చేతులు ఆగాయి.

పాతపిండి అంటే మామూలు సంగతి కాదు ఆ ఇంట్లో. అక్కడి రొట్టె అంగట్లో కొన్న ఈస్టుతో పొంగదు. నిన్నటి పిండిలోంచి ఒక ముద్ద తీసి జాడీలో దాస్తారు. రాత్రంతా అది పులుస్తుంది. పొద్దున కొత్తపిండిలో కలిపి, మళ్ళీ ఓ ముద్ద తీసి దాస్తారు. తండ్రి పెళ్ళికి ముందు మొదలుపెట్టిన ముద్ద అది. ఇంటికి కోడళ్ళొచ్చారు, మనవలొచ్చారు, పిండి మాత్రం ఆ పిండే. వరద కొట్లోకి దూరినప్పుడు ఆయన బస్తాల జోలికి పోలేదు. జాడీ నెత్తిన పెట్టుకుని నీళ్ళలో నడిచాడు. "బస్తాలు పోతే కొనుక్కుంటాం. దీన్ని ఏ కొట్లో అమ్ముతార్రా?" అన్నాడు.

"రేపు ఆదివారం" అన్నాడు పెద్దోడు.

"అవునండీ. ఆదివారమే తెరుద్దామన్నారు ఆయన."

"ఆదివారం తెరిచే కొట్టుకి నాన్న పిండి ఇవ్వను."

చిన్న కోడలు గిన్నె వెనక్కి తీసుకోలేదు. "పిండికి వారాలు తెలుసా బావగారూ? ఆదివారం కూడా ఆ జాడీలో పులుస్తూనే ఉంటుంది కదా!"

పెద్దోడికి మాటకి మాట తట్టదు. పిండిని ఒక్క గుద్దు గుద్దాడు. బల్ల మీది అచ్చులు గలగలమన్నాయి.

"ఊరుకోవే, ఇవాళ్టి రోజున కూడానా" అంది పెద్ద కోడలు.

"నేనేమన్నానక్కా? ఖాళీ గిన్నెతో వచ్చా, ఖాళీ గిన్నెతో పోతున్నా. ఒకటి మాత్రం లాభం. మీ ఆయన గొంతు విన్నా. అది పండక్కీ పబ్బానికీ కూడా దొరకదు."

ఆమె వెళ్ళాక పెద్ద కోడలు నవ్వు ఆపుకోబోయి ఆపుకోలేకపోయింది. పెద్దోడు పొయ్యి వైపు తిరిగాడు.

తండ్రిని వీధంతా ఆమెన్ తాత అనేది. ఆ పేరు ఊరికే రాలేదు.

రోజూ పొద్దుగూకాక ఇంటిల్లిపాదీ ఒక్క బల్ల చుట్టూ కూర్చోవాలి. ఆయన ప్రార్థన చేస్తాడు. పొడుగాటి ప్రార్థనేం కాదు. ఒక్కొక్కర్నీ పేరుపెట్టి దేవుడికి అప్పజెప్పడం. అందరూ అయ్యాక ఆమెన్. ఆ తర్వాతే కంచం. అయితే ఆ బల్ల దగ్గర ఏ ఇద్దరికైనా మాటల్లేవనుకోండి, ఆమెన్ రాదు. పేర్లన్నీ అయిపోతాయి, ఆయన ఆగిపోతాడు. కళ్ళు మూసుకునే ఉంటాడు. కసరడు. అడగడు. కడుపులు అరుస్తుంటే కూర చల్లారిపోతుంది.

క్షమించమని అడగాలన్న రూలు లేదు. తప్పెవరిదన్న విచారణ లేదు. ఇద్దరిలో ఒకరు రెండోవాళ్ళని ఏదో ఒకటి అడగాలి, అంతే. "ఆ నీళ్ళ చెంబు ఇటివ్వు." అవతలివాళ్ళు అందించాలి. చెంబు చేతులు మారిందా, పక్కింటికి వినపడేలా ఆమెన్.

"అడిగినోడు తగ్గినోడు కాదురా. ముందు నోరు తెరిచినోడే ఈ ఇంట్లో పెద్దోడు" అనేవాడు.

ఆ లెక్కన ఆ ఇంట్లో రోజుకొకరు పెద్దోళ్ళు. ఆరేళ్ళ మనవరాలు కూడా ఒకసారి ఇంటికి పెద్దయింది.

ఆయన పోయిన సాయంత్రం కూడా అలాగే కూర్చున్నారు. పగలు అన్నదమ్ములకి మాటామాటా వచ్చింది. ఆదివారం గురించే. వీధి చివర కొట్టు ఆదివారం కిటకిటలాడుతుంటే మనం తాళం వేసుకు కూర్చున్నామన్నాడు చిన్నోడు. నాన్న పెట్టిన కట్టు అన్నాడు పెద్దోడు.

"వరదప్పుడు నాన్నే ఆదివారం పొయ్యి వెలిగించాడుగా!"

అదీ నిజమే. నీళ్ళు తీసిన ఆదివారం ఆయన తడికట్టెలు ఆరబెట్టి మరీ పొయ్యి రాజేశాడు. వీధి వీధంతా తిన్నది ఆ రొట్టే.

"అది అమ్మకానికి కాదు."

"నీకు పిండి పిసకడం తప్ప లోకం తెలీదన్నయ్యా."

"నీకు లోకం తప్ప ఇంకేం తెలీదు."

ఆ మాటలతోనే ఇద్దరూ బల్ల దగ్గరికి వచ్చారు. తండ్రి పేర్లన్నీ అన్నాడు. ఆగిపోయాడు. ఎప్పటిలాగే ఆగాడనుకున్నారు. తమ్ముడు కదా, వాడే అడగాలని పెద్దోడు. అన్న కదా, ఆయనే అడగాలని చిన్నోడు. ఇద్దరూ గడ్డాలు గుండెకి ఆనించి మొండికేశారు. చెంబు మధ్యలో ఉంది. కూర మీద నూనె పేరుకుంది. చివరికి పెద్ద కోడలు కళ్ళు తెరిచి చూసి కేక వేసింది.

ఆయన వాళ్ళ కోసం ఆగలేదు. వెళ్ళిపోయాడు.

అప్పట్నించి ఆ బల్ల దగ్గర ఎవరూ కూర్చోలేదు. ఇంట్లో రెండు పొయ్యిలయ్యాయి. అన్నదమ్ములు కొట్లో పక్కపక్కనే పనిచేస్తూ మాట్లాడుకోలేదు. కావలసినవి కోడళ్ళ చేత చెప్పించుకునేవారు. తల్లి ఒక పూట ఆ గదిలో, ఒక పూట ఈ గదిలో తినేది. ఏ గదిలోనూ ప్రార్థనకి నోరు తెరిచేది కాదు. పాస్టరుగారు అడిగితే "తర్వాత" అనేది.

ఇప్పుడు చిన్నోడు కొట్టు వేరు పెట్టుకున్నాడు. ఆ కొట్టు పైనే కాపురానికి రెండు గదులు కూడా చూసుకున్నాడు. కూటం అయిపోగానే మకాం మార్పు. మంచాలు విప్పి వరండాలో పెట్టారు.

సాయంత్రానికి ముందుగది నిండింది. చోటు చాలక కొందరు మెట్ల మీద కూర్చున్నారు. పాస్టరుగారు కుర్రాయన. వాక్యం చదివి, తాతగారి గురించి ఎవరికి ఏది గుర్తుంటే అది చెప్పమన్నారు.

పక్కింటి టైలరు ముందు లేచాడు. మెడలో టేపు తీయడం మర్చిపోయి వచ్చాడు.

"మా ఇంటికీ వీళ్ళింటికీ ఒకటే గోడ. సాయంత్రం ఆమెన్ ఆలస్యమైతే మా ఆవిడ గోడకి చెవి ఆనించేది, ఇవాళ ఎవరెవరికి పడలేదో అని. ఆమెన్ వినపడితే 'హమ్మయ్య, కలిశారు' అని వచ్చి నాకు వడ్డించేది. వాళ్ళ పోట్లాటలకి నేను పస్తులున్నానండీ!"

గదంతా నవ్వింది. టైలరు భార్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఏడాదైంది ఆ గోడ మాట్లాడి" అని కూర్చున్నాడు టైలరు.

చెప్పులు కుట్టే ముసలాయన లేచాడు. "నేను చర్చికి వచ్చేవాణ్ణి కాదు. ఇప్పుడూ రాను. ఆయన ఒక్కసారి కూడా రమ్మనలేదు. రోజూ వేడి రొట్టె ఒకటి నా పెట్టె మీద పెట్టి, 'దేవుడికి నీ పేరు చెప్పాలే' అని పోయేవాడు. ఆయన పోయాక నా పేరు పైన ఎవరు చెబుతున్నారో తెలీదు." కళ్ళు తుడుచుకున్నాడు.

పాస్టరుగారు పెద్దకొడుకు వైపు చూశారు. పెద్దోడు లేచి నిలబడ్డాడు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలీక వెనక్కి కట్టుకున్నాడు. జనం ఎదురుచూశారు.

"మా నాన్న మంచి రొట్టె చేసేవాడు" అన్నాడు. కూర్చున్నాడు.

చిన్నోడు లేవనేలేదు. తల అడ్డంగా ఊపాడు.

జనం వెళ్ళిపోయాక తల్లి లేచింది. చీర చెంగు బిగించి లోపలికి వెళ్ళి, పెద్ద బల్ల మీది అట్టపెట్టెలన్నీ కింద పెట్టించింది. తడిగుడ్డతో తనే తుడిచింది. కోడళ్ళిద్దరూ వండింది ఒక్క చోటికే తెమ్మంది. చిన్న కోడలు పొద్దుటి గిన్నె నిండా కూర తెచ్చి పెట్టింది.

"కూర్చోండి. పాస్టరుగారూ, మీరూ."

అన్నదమ్ములు పాత చోట్లలోనే కూర్చున్నారు, ఎదురెదురుగా. తలవైపు కుర్చీ ఖాళీ. దాని పక్కన తల్లి. నీళ్ళ చెంబు మధ్యలో.

పాస్టరుగారు గొంతు సవరించుకుని కళ్ళు మూసుకున్నారు. "ప్రభువా..."

"మీరొద్దు పాస్టరుగారూ" అంది తల్లి.

ఆయన ఒక కన్ను తెరిచారు.

"ఈ బల్ల దగ్గర ఒక ప్రార్థన సగంలో ఉంది. అది అయ్యాకే ఇంకోటి."

చిన్నోడు కుర్చీ వెనక్కి జరిపాడు. "అమ్మా, నాకు సామాను సర్దుకోవాలి."

"సర్దుకుందువుగాని. కూర్చో."

"ఏం కూర్చోను? ఎవరితో కూర్చోను?" చిన్నోడి గొంతు లేచింది. "ఆ రోజు ఈయన ఒక్క మాట అడిగుంటే అందరం కళ్ళు తెరిచేవాళ్ళం. నాన్నని చూసేవాళ్ళం. డాక్టరుకి కబురు పెట్టేవాళ్ళం. ఈయన మౌనమే మింగేసింది నాన్నని!"

పెద్దోడి మొహం నల్లబడింది. ఏడాది పొడుగునా రాని మాట వచ్చింది.

"నీకు నోరు లేదా? ఎక్కడలేని మాటలూ నీ దగ్గరే ఉంటాయిగా. ఆ పూట ఎక్కడికి పోయాయి?"

"అన్నవి నువ్వు!"

"తమ్ముడివి నువ్వు!"

"ఏమండీ" అంటూ పెద్ద కోడలు భర్త భుజం పట్టుకుంది. పాస్టరుగారు లేవబోయారు.

తల్లి అరచేత్తో బల్ల మీద ఒక్కటి చరిచింది.

"ఇద్దరి మాటా తప్పే. మీ నాన్న పోయాడని ఆ పూట నాకు తెలుసు."

చిన్న కోడలి చేతిలో గరిటె ఆగిపోయింది.

"ప్రార్థనప్పుడు ఆయన చెయ్యి నా చేతిలోనే ఉంటుంది కదా. అందరి పేర్లూ అన్నాడు. ఎప్పుడూ చివర నా పేరే అంటాడు. అన్నాడు. అనగానే చెయ్యి బరువెక్కింది. ఊపిరి లేదు. డాక్టరు మన బల్ల దగ్గరే కూర్చుని ఉన్నా చేసేదేం లేదు. నన్ను దేవుడికి అప్పజెప్పి తను వెళ్ళిపోయాడు."

"అమ్మా..." అన్నాడు చిన్నోడు. "మరి అరవలేదేం?"

"అరిస్తే ఏమయ్యేదిరా? మీరిద్దరూ ఒకర్నొకరు పట్టుకుని ఏడ్చేవాళ్ళు. చావు కలిపిన పొత్తు కన్నీళ్ళు ఆరేదాకే. ఆయన ఆఖరి ప్రార్థన ఆయన పద్ధతిలోనే ముగియాలని చూశాను. కళ్ళు మూసుకుని ఆ చల్లబడే చెయ్యి పట్టుకు కూర్చున్నా. 'ఇప్పుడు అడుగుతాడు నా పెద్దోడు, ఇప్పుడు అడుగుతాడు నా చిన్నోడు' అనుకుంటూ. ఒక్కడు అడిగుంటే ఆయన బదులు నేను ఆమెన్ అందామని. ఒక్కడూ... అడగలేదు."

ఆమె గొంతు అంతసేపూ గట్టిగానే ఉంది. చివరి మాట దగ్గర మాత్రం విరిగింది. కొంగు తీసుకోలేదు. కన్నీళ్ళు కారనిచ్చింది.

"ఏడాది ఆగాను. ఆ చెయ్యి ఇంకా నా చేతిలోనే ఉన్నట్టుంది. వదలమంటారా వద్దా మీరే చెప్పండి. చెప్పాక వేరు కొట్టు పెట్టుకో, వేరు ఊరు పో, నేనడ్డం రాను."

మళ్ళీ అదే మౌనం. ఆ రోజు ఉన్నట్టే. గిన్నెల మీద ఆవిరి తగ్గుతోంది. గోడ అవతల టైలరు ఇంట్లో కూడా చప్పుడు లేదు.

పెద్దోడు చెంబు వైపు చూశాడు. రోజూ అంత పిండి పిసికే చేతులు, వాటి సంగతి అతనికి తెలుసు. నోటి సంగతే తెలీదు. తమ్ముడు తల వంచుకుని ఉన్నాడు. చిన్నప్పుడు ఈ బల్ల దగ్గరే, అడగడం చేతకాని అన్న కోసం వాడే చెంబు మెల్లిగా ముందుకి జరిపేవాడు. పెద్దోడు వట్టి చెయ్యి చాపితే నాన్న అదే అడగడం కింద లెక్క కట్టేవాడు. ప్రతిసారీ సగం దూరం వాడే వచ్చాడు. తను రాలేదు.

"తమ్ముడూ" అన్నాడు.

ఆ పిలుపు విని ఏడాదైంది. చిన్నోడు తల ఎత్తాడు.

"ఆ నీళ్ళ చెంబు... ఇటివ్వరా."

చిన్నోడు చెంబు రెండు చేతులతో పట్టుకున్నాడు. నీళ్ళు బల్ల మీద ఒలికాయి. ఇస్తూ అన్న చేతులు కూడా కలిపి పట్టుకున్నాడు. చెంబు ఇద్దరి మధ్యా అలాగే ఉండిపోయింది. పెద్దోడు ఏడుస్తుంటే చప్పుడు రాలేదు, భుజాలే కదిలాయి. చిన్నోడు మాత్రం వీధికి వినపడేలా ఏడ్చాడు.

తల్లి గుప్పిట మెల్లగా విప్పింది.

"ఆమెన్!" అంది. ఆమెన్ తాత అన్నంత గట్టిగా.

గోడ అవతల్నించి టైలరు భార్య గొంతు వచ్చింది. "ఆమెన్! ఏమయ్యా, లే, వడ్డిస్తాను!"

చిన్న కోడలు ఏడుస్తూనే పకపకా నవ్వింది. పాస్టరుగారు కళ్ళజోడు తుడుచుకుని, "ఇక తినొచ్చా అమ్మా?" అని అడిగారు.

"తినండి నాయనా. చల్లారినా మంచి కూరే."

మర్నాడు ఆదివారం. పెద్దోడు అలవాటు కొద్దీ తెల్లారుజామునే లేచి కొట్లోకి వెళ్ళాడు. పొయ్యి వెలిగించలేదు. జాడీ మూత తీశాడు. పిండి అంచుదాకా పొంగి ఉంది. దాన్ని బల్ల మీదికి తీసి, చేత్తోనే సగానికి తుంచాడు. సగం జాడీలో పెట్టాడు. మిగతా సగం చిన్న కోడలి గిన్నెలో పెట్టి, తడిగుడ్డ కప్పి, వీధి దాటాడు.

కొత్త కొట్టు షట్టరు సగం ఎత్తి ఉంది. చిన్నోడు వంగుని తలుపు మీద సుద్దముక్కతో రాస్తున్నాడు. ఆదివారం సెలవు.

"ఎవరు రాయమన్నారు?" అన్నాడు పెద్దోడు.

"ఎవరూ అనలేదన్నయ్యా. నాన్న కూడా ఎవర్నీ ఏదీ చెయ్యమనేవాడు కాదుగా, ఆగేవాడంతే."

చిన్న కోడలు లోపల్నించి గిన్నె చూసింది. గుడ్డ ఎత్తి చూసింది. "ఆదివారం పూట పిండి ముట్టుకున్నారే బావగారూ!"

"పిండికి వారాలు తెలీవన్నావుగా."

ఆమె నోట మాట రాలేదు. అది ఇంకా అరుదు.

పెద్దోడు లోపలికి వెళ్ళాడు. కొత్త గోడలు తెల్లగా ఉన్నాయి, ఏ గీతా లేదు. గిన్నె బల్ల మీద పెట్టి, గుప్పెడు పొడిపిండి చల్లాడు. ఇవాళ దీనికి తిండి పెడితే రేపటికి పులిసి పొంగుతుంది. సోమవారం మొదటి రొట్టె తీయొచ్చు. అన్నదమ్ములిద్దరూ అటొకరు ఇటొకరు నిలబడ్డారు. చిన్నోడు చొక్కా చేతులు పైకి మడిచి పిండిలో చెయ్యి పెట్టాడు.

"అన్నయ్యా, ఆ నీళ్ళ చెంబు ఇటివ్వు."

చర్చి గంట మొదలైంది. పెద్దోడు చెంబు అందించాడు.